నేతపేట వాకిట్లో రంగు గచ్చు

సిమెంటు, ఇసుక, కంకర కలిపిన మామూలు కాంక్రీటుకు రంగు కలిపినా, తడిగా ఉన్నప్పుడు పైన అచ్చు ఒత్తినా, రాతి చిప్స్ పొదిగి పాలిష్ పట్టినా దాన్ని అలంకార కాంక్రీటు అంటారు. పేరు కొత్తగా వినిపిస్తున్నా వస్తువు పాతదే. తాతల నాటి ఎర్రని రెడ్ ఆక్సైడ్ గచ్చు, మొజాయిక్ నేల, మేడ పిట్టగోడలోని సిమెంటు జాలీ అన్నీ ఈ కోవలోవే. రాతి పలకలనో ఇటుకల వరసలనో పోలిన అచ్చు కాంక్రీటు మాత్రం తర్వాత వచ్చింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1950లలో మొదలై, ఇప్పుడు మన ఊళ్ల వాకిళ్ల దాకా చేరింది.

షోలాపూర్‌లోని భవాని పేట్‌లో వాకిలి అంటే చూపు కోసం వదిలిన జాగా కాదు. తెలంగాణ నుంచి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు స్థిరపడిన ఈ నేతపేటల్లో చాలాచోట్ల ఇల్లూ కార్ఖానా ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. నూలు మూటలు దింపేదీ, దుప్పట్ల కట్టలు బండికెత్తేదీ, స్కూటర్లు నిలిపేదీ ఆ నాలుగు గజాల్లోనే. పొద్దున ముగ్గు పడేదీ అక్కడే. ఇన్ని పనులు మోసే నేలకు ముందు బలం చూసి, తర్వాత అందం చూడాలి. పాతకాలంలో ఈ ప్రాంతం షహాబాద్ ఫర్షీని నమ్ముకోవడానికి కారణం అదే. పక్కనున్న కలబురగి జిల్లా నుంచి వచ్చే ఆ సున్నపురాయి పలక గట్టిది, చవకైనది. పాత ఫర్షీ బాగా ఉన్న ఇంట్లో దాన్ని పెరికి కొత్త కాంక్రీటు పోయడం కంటే సందులు పూడ్చి ఉంచుకోవడమే మేలు.

కొత్తగా వేయాలనుకుంటే మొదట చూడవలసింది అడుగున ఉన్న మన్ను. షోలాపూర్ చుట్టూ నల్లరేగడి విస్తారంగా ఉంది. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చే ఆ మన్ను తనమీద పోసిన కాంక్రీటునూ తనతోపాటే కదిలిస్తుంది. పైన ఎంత ఖరీదైన అచ్చు ఒత్తినా అడుగు కదిలితే పగులు తప్పదు, రంగు గచ్చులో పగులు మామూలు గచ్చులోకన్నా ఎక్కువ కనబడుతుంది. అందుకే నల్లమన్ను తోడేసి, మొరం పొరలు పొరలుగా పోసి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిస కొట్టాలి. దానిపై కాంక్రీటు నాలుగు అంగుళాల మందం పోస్తే 8 నుంచి 10 అడుగులకొక చోట అంగుళం లోతున గాడి కోయాలి. పగులు వచ్చినా ఆ గాడిలోనే దాగుతుంది. ఇంటివైపు నుంచి వీధివైపుకు వాలు ఇవ్వడం మరవకూడదు.

ఈ లెక్కన చూస్తే పేట వీధుల వాకిళ్లకు పేవర్ బ్లాకులే ఎక్కువ సరిపోతాయి. ఇసుక పరుపు మీద విడివిడిగా పేర్చినవి గనుక మన్ను కాస్త కదిలినా పగలవు, కుంగిన చోట నాలుగు బ్లాకులు తీసి మళ్లీ సర్దుకోవచ్చు. నల్లా పైపు కోసమో డ్రైనేజీ కోసమో తవ్వవలసి వస్తే వాటినే తీసి మళ్లీ పరచవచ్చు. అచ్చు కాంక్రీటును అలా తవ్వి మూస్తే అతుకు రంగు పాత రంగుతో కలవదు. నడకకు, స్కూటర్లకు 60 మిల్లీమీటర్ల బ్లాకు చాలు, సరుకు బండి ఎక్కే చోట 80 మిల్లీమీటర్లది వేయాలి. పెద్ద ఆవరణ, గట్టి నేల ఉన్నవారికి అచ్చు కాంక్రీటు బాగుంటుంది.

పక్కా రంగు, కచ్చా రంగు తేడా నేతవారికి ఒకరు చెప్పనక్కర్లేదు. కాంక్రీటులోనూ ఆ తేడా ఉంది. సిమెంటు తీవ్రమైన క్షారం. బట్టలకు వేసే రంగులు చాలావరకు ఆ క్షారానికీ ఎండకూ నిలవక వెలిసిపోతాయి. ఇనుప ఆక్సైడ్ రంగులైన ఎరుపు, పసుపు, గోధుమ, నలుపు నిలుస్తాయి. సిమెంటు బరువులో 3 నుంచి 6 శాతం కలిపితే సరిపోతుంది. 10 శాతం దాటితే రంగు పెరగదు, బలం తగ్గుతుంది. మేలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో ముదురు రంగు గచ్చు మీద వట్టికాళ్లతో నిలవడం కష్టం, లేతరంగే నయం.

పోశాక తడి ఆరకుండా చూడాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు, వేడి పొడి వాతావరణానికి కనీసం 10 రోజులు తడి అందాలి. నల్లా నీళ్లు రోజూ రాని ఊళ్లో ఇది చిన్న సంగతి కాదు. ఫ్యాక్టరీలో ముందే తడిపి సిద్ధం చేసిన బ్లాకులు, మొజాయిక్ టైల్స్ ఇంట్లో నీటి భారాన్ని చాలా తగ్గిస్తాయి. మామూలు గచ్చు మీద తడి గోనెలు, పాత గుడ్డలు పరచవచ్చు. రంగు గచ్చు మీద అవి మరకలు కడతాయి గనుక, తడిని పట్టి ఉంచే క్యూరింగ్ కాంపౌండ్ పూయాలి.

కొత్త గచ్చు మీద తెల్లని పూత తేలితే కంగారు పడనక్కర్లేదు. లోపలి సున్నం నీటితో పైకొచ్చి గాలి తగిలి తెల్లబడుతుంది. పొడిగా బ్రష్‌తో రుద్ది, తర్వాత నీళ్లతో కడిగితే క్రమంగా పోతుంది. దాన్ని వదిలించడానికి బాత్రూమ్ యాసిడ్ పోయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. అది సిమెంటునూ మొజాయిక్‌లోని చలువరాతి చిప్స్‌నూ కరిగించి, మెరుపు పోగొట్టి గరుకు చేస్తుంది. చింతపండు రసం, నిమ్మరసం ఒలికినా వెంటనే తుడవాలి. మరమగ్గాల నూనె పడితే నీళ్లు పోయకుండా ముందు రంపపు పొట్టో సున్నపు పొడో చల్లి పీల్చనివ్వాలి, తర్వాత సబ్బునీళ్లతో రుద్దాలి. అద్దకం రంగు ఇంకితే వదలడం చాలా కష్టం.

ఈ మరకలన్నిటికీ ముందుజాగ్రత్త సీలరు. వాకిట్లో పూసిన యాక్రిలిక్ సీలరును రెండు మూడేళ్లకొకసారి మళ్లీ వేయాలి. నీళ్లు చల్లితే బొట్లుగా నిలవక ఇంకిపోతున్నాయంటే ఆ వేళ వచ్చినట్టే. నున్నటి సీలరు వానకు జారుతుంది కాబట్టి మెట్ల మీద, వాలు మీద సన్న ఇసుకలాంటి పొడి కలిపి పూయించాలి. కార్ఖానా పక్క ఇళ్లలో దూది పీచు గాల్లో తేలుతూ తడి సీలరుకు అంటుకుంటుంది. మగ్గాలు ఆగిన సెలవు రోజున నేలను ఊడ్చి, కడిగి, పూర్తిగా ఆరాక పూస్తే ఆ బాధ ఉండదు.