కంప్యూటర్ రాసుకునే రిజిస్టరు

హాస్టల్లో హాజరు రిజిస్టరు ఉన్నట్టే కంప్యూటర్ కూడా తనలో జరిగే ముఖ్యమైన సంగతులు తేదీ, టైముతో సహా రాసి పెట్టుకుంటుంది. విండోస్‌లో దాని పేరు ఈవెంట్ లాగ్. ఈ సంగతి మాకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

మా కంప్యూటర్ గదిలో ఒక సిస్టమ్ ఉన్నట్టుండి ఆగిపోయి మళ్ళీ ఆన్ అయ్యేది. తొమ్మిదో తరగతి తమ్ముడొకడు పెన్‌డ్రైవ్ పెట్టి వైరస్ ఎక్కించాడని మేమే తీర్మానించి, వాణ్ణి నెల రోజులు గదిలోకి రానివ్వలేదు. రెండుసార్లు ఫార్మాట్ కూడా చేశాం. దాంతో పాత లాగ్ పోయిందే గానీ జబ్బు తగ్గలేదు.

పండక్కి వచ్చిన మన పూర్వ విద్యార్థి అన్న ఒకరు ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ అన్నది చూపించారు. అక్కడ ప్రతి సంఘటనకూ ఒక నంబరుంటుంది. ఎవరైనా మామూలుగా షట్‌డౌన్ చేస్తే 1074, 6006 పడతాయి. చెప్పాపెట్టకుండా ఆగిపోతే, మళ్ళీ ఆన్ అయ్యాక 6008, కెర్నల్ పవర్ పేరుతో 41 పడతాయి. మా దాంట్లో 41లు బారులు తీరి ఉన్నాయి!

అయితే 41 కారణం చెప్పదు, సరిగా ఆగలేదని మాత్రమే చెబుతుంది. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ సున్నా ఉంది. నీలి తెర వచ్చి ఆగి ఉంటే సాధారణంగా అక్కడ వేరే అంకె ఉంటుంది. సున్నా అంటే కరెంటు తెగి ఉండొచ్చు, లేదా సిస్టమ్ బిగుసుకుపోయి ఉండొచ్చు. అది తేల్చడానికి అన్న మాతో 6008లలో ఉన్న టైములన్నీ కాగితం మీద రాయించారు. (ముందు గడియారం సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే టైములన్నీ తప్పే.) దాదాపు అన్నీ సాయంత్రం ఆరు దాటిన కాసేపటికే. బోరు మోటారు వేసే వేళ అది! మోటారు వేయగానే వోల్టేజి పడిపోతోంది. మిగతా సిస్టమ్‌లను యూపీఎస్‌లు కాస్తున్నాయి. దీని యూపీఎస్‌లో బ్యాటరీ చచ్చిపోయి ఉంది. బ్యాటరీ మార్చాక మళ్ళీ 41 పడలేదు.

ఆ రోజే ఇంకో సిస్టమ్‌లో డిస్క్ పేరుతో 7వ నంబరు ఎర్రర్లు కనబడ్డాయి. హార్డ్‌డిస్క్‌లో చెడిన భాగం ఉందని దాని అర్థం. వెంటనే సీనియర్ల ప్రాజెక్టు రిపోర్టులు వేరేచోటికి కాపీ చేశాం. మూడు వారాలకు ఆ డిస్క్ పూర్తిగా పోయింది.

లాగ్ నిండితే పాతవి చెరిగిపోతాయి కాబట్టి శనివారం శనివారం చూసి నోట్‌బుక్‌లో రాస్తున్నాం. రాసేది ఆ తొమ్మిదో తరగతి తమ్ముడే. మేం సారీ చెబితే తలూపాడు గానీ, మాతో మామూలుగా మాట్లాడటానికి ఇంకో నెల పట్టింది.