గనిలోంచి గదిలోకి

కెనడాలోని మానిటోబా ప్రావిన్స్‌లో ఫ్లిన్ ఫ్లాన్ అనే చిన్న ఊరుంది. రాగి, జింకు తవ్వుకుని బతికిన ఊరు. అక్కడి ఓ గనిలో, సుమారు 360 మీటర్ల లోతున, 2001లో కెనడా ప్రభుత్వం గంజాయి సాగు చేయించింది. గుట్టుగా చేసిన పనేమీ కాదది. సస్కటూన్‌కు చెందిన ప్రెయిరీ ప్లాంట్ సిస్టమ్స్ అనే కంపెనీకి అయిదేళ్ల కాంట్రాక్టు ఇచ్చి, 50 లక్షల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి మరీ చేయించింది. గనే ఎందుకంటే, దొంగలు దిగలేరు. బయటి పుప్పొడి చేరదు. పైన గడ్డకట్టే చలి ఉన్నా లోపల వేడి మారదు. లేనిదల్లా ఎండే. దానికి దీపాలున్నాయి.

కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. తీరా చూస్తే విత్తనాలు పోలీసులు పట్టుకున్న సరుకులోంచి ఏరినవి. మొదటి పంటలో ఏ మొక్క ఏ రకమో పోల్చుకోలేనంత కలగాపులగం. 2003లో ఆ మందు రోగుల చేతికి అందింది. పొట్లం విప్పితే పువ్వు, ఆకు, కాడ అన్నీ కలిపి నూరేసిన ఎండు పొడి. గ్రాము ఖరీదు 5 డాలర్లు. ఇది మాకొద్దని తిప్పి పంపినవాళ్లున్నారు. మా మొక్క మేమే పెంచుకుంటాం అన్న పట్టుదల చాలామందిలో బలపడింది ఇలాంటి అనుభవాల వల్లే.

ఆ పట్టుదలకు చట్టం దారి అప్పటికే తెరిచి ఉంది. తెరిపించినవాడు టొరంటోకు చెందిన టెరెన్స్ పార్కర్. చిన్ననాటి నుంచి మూర్ఛ రోగి. మెదడుకు ఆపరేషన్లు జరిగాయి, మందులు మింగాడు, అయినా ఫిట్స్ పూర్తిగా లొంగలేదు. గంజాయి తాగితే తగ్గుతున్నాయని ఇంట్లోనే మొక్కలు వేసుకున్నాడు. 1996లో పోలీసులు వచ్చి వాటిని పీకి పట్టుకెళ్లారు. కేసు నడిచి నడిచి 2000 జులై 31న ఒంటారియో అప్పీలు కోర్టులో తేలింది. వైద్య అవసరానికి మినహాయింపు ఇవ్వని నిషేధం రాజ్యాంగానికి విరుద్ధమని, ఏడాదిలోగా సరిదిద్దుకోమని ప్రభుత్వానికి కోర్టు చెప్పింది. సరిగ్గా ఏడాదికి నిబంధనలొచ్చాయి. డాక్టరు కాగితం ఉన్న రోగి సొంతంగా పెంచుకోవచ్చు, చేతకాకపోతే ఇంకొకరితో పెంచించుకోవచ్చు.

మధ్యలో ప్రభుత్వం మనసు మార్చుకుంది. ఇంటి సాగు బందు, ఇక లైసెన్సున్న కంపెనీల దగ్గరే కొనుక్కోండి అని 2013లో కొత్త నిబంధనలు తెచ్చింది. రోగులు మళ్లీ కోర్టు మెట్లెక్కారు. అలార్డ్ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో 2016 ఫిబ్రవరిలో ఫెడరల్ కోర్టు జడ్జి మైకేల్ ఫెలన్ రోగుల పక్షాన తీర్పిచ్చారు. ఆ ఆగస్టులోనే ఇంటి సాగు తిరిగొచ్చింది. 2018 అక్టోబరు 17న గంజాయి వాడకమే చట్టబద్ధమైనా వైద్య సాగు విభాగాన్ని అలాగే ఉంచారు.

ఎండను కొనుక్కునే సేద్యం

ఇంతా పోరాడి సాధించుకున్న హక్కు చివరికి ఎక్కడ తేలుతుందంటే, సాధారణంగా ఇంటి బేస్‌మెంట్‌లో. ఓ మూల జిప్పు వేసుకునే నల్లటి గుడారం. లోపల గోడలకు వెండి రంగు పూత. పైన వేలాడే దీపం, తిరిగే రెండు ఫ్యాన్లు, గాలిని బయటికి తోసే గొట్టం, ఆ గొట్టానికి బొగ్గు నింపిన ఫిల్టరు. ఆ ఫిల్టరు లేకపోతే పూత కాలంలో వాసన పక్కింటిదాకా పోతుంది.

గంజాయి రాత్రిని కొలుచుకునే మొక్క. రాత్రి నిడివి పెరిగితే చలికాలం వస్తోందని గ్రహించి పూతకొస్తుంది. ఆరుబయట ఆ పని ప్రకృతిది, గదిలో టైమర్‌ది. ఎదిగే రోజుల్లో 18 గంటలు వెలుగు, 6 గంటలు చీకటి. పూతకు తేవాలంటే 12 గంటలు, 12 గంటలు. ఆ చీకటి నిజంగా చీకటై ఉండాలి. గుడారం జిప్పు సందులోంచి రోజూ లైటు పడినా మొక్క తికమకపడుతుంది. ఆడ మొక్కకే మగ పూలు పుట్టి గింజ కట్టేస్తుంది. గింజ కట్టిన పువ్వు మందుకు నాసిరకం. అందుకే గదిలో మగ మొక్కకు చోటుండదు. చాలామంది విత్తనాల జోలికి పోకుండా మంచి తల్లిమొక్క నుంచి కొమ్మలు కత్తిరించి వేరు తెప్పించుకుంటారు. ఒక్క తల్లి పిల్లలైతే ఎత్తు, పూత, గుణం దాదాపు ఒకేలా ఉంటాయి. రోజూ ఒకే మోతాదు తీసుకోవాల్సిన రోగికి ఇది సౌలభ్యం మాత్రమే కాదు, అవసరం.

వెలుగుకు మూల్యం కరెంటు బిల్లు. పాతకాలపు 1000 వాట్ల సోడియం దీపం పన్నెండు గంటలు వెలిగితే రోజుకు 12 యూనిట్లు. పైగా అది విడిచే వేడిని తోడెయ్యడానికి ఏసీ. ఇప్పుడు ఎల్ఈడీలొచ్చి ఆ భారం బాగా తగ్గించాయి. అయినా ఇంటి పాత వైరింగు మీద, ఒక్క ఎక్స్‌టెన్షన్ బోర్డుకు అన్నీ తగిలించి నడిపేవాళ్లు ఉండనే ఉంటారు. నీళ్ల బకెట్ల పక్కన వదులుగా పెట్టిన ప్లగ్గు ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. బీమా కంపెనీలు, ఇళ్ల యజమానులు ఈ తోటలంటే మొహం చిట్లించడానికి నీతినియమాలకంటే ఈ వైర్లే పెద్ద కారణం.

ఇంకొకటి, గోడల చెమ్మ. మొక్కకు పోసిన నీటిలో చాలావరకు ఆకుల గుండా గాలిలోకే పోతుంది. పది మొక్కలకు రోజూ బకెట్టెడు నీళ్లు పోస్తే దాదాపు బకెట్టెడూ ఇంటి గాలిలోకి చేరినట్టే. చలిదేశపు ఇళ్లు గాలి చొరకుండా కట్టినవి. ఆ ఆవిరి పోయే దారిలేక చల్లటి గోడ మీద నీరై దిగుతుంది, గోడ నల్లగా బూజు పడుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు దీపానికి ఎంత ఖర్చుపెడతారో గాలి మార్పిడికీ, తేమ లాగే యంత్రానికీ అంత పెడతారు. కొత్తగా దిగినవాళ్లు మాత్రం దీపం, ఎరువు గురించే మాట్లాడతారు. ఎరువు సీసాల మీది రంగుల బొమ్మలకు అందరికంటే ముందు పడిపోయేది వాళ్లే.

మట్టికి బదులు చాలామంది కొబ్బరి పొట్టు వాడతారు. భారత్, శ్రీలంకల నుంచి ఇటుకల్లా నొక్కి ఎగుమతి చేసే సరుకది. నీళ్లు పోస్తే ఉబ్బుతుంది, వేరుకు గాలి ఆడుతుంది. పురుగుల సంగతి మన మిరప రైతుకు కొత్తగా చెప్పేదేం లేదు. ఎర్రనల్లి, పేనుబంక, బూడిద తెగులు అన్నీ ఇక్కడా ఉన్నాయి. తేడా అల్లా మందు కొట్టడంలో. మిరపకాయను కడగొచ్చు, గంజాయి పువ్వును కడగరు. దాన్ని కాల్చి పీలుస్తారు. మైక్లోబ్యుటానిల్ అనే తెగుళ్ల మందు ఆహార పంటలకు అనుమతి ఉన్నదే. వేడికి మాత్రం అది విచ్ఛిన్నమై హైడ్రోజన్ సయనైడ్ పుట్టే ప్రమాదముంది. 2016, 2017 నాటికి కెనడాలో లైసెన్సున్న కంపెనీల సరుకులోనే దాని అవశేషాలు బయటపడి, వెనక్కి రప్పించాల్సి వచ్చింది.

పువ్వు విరిచి చూస్తే

పూత మొదలయ్యాక ఎనిమిది నుంచి పది వారాలకు కోత. కోతకొచ్చిందా లేదా అన్నది నగలు చూసే భూతద్దంలాంటి దానితో చూస్తారు. పువ్వు మీద నూగు కనిపిస్తుంది. ప్రతి నూగు కాడ చివరా ఓ చిన్న గుండు. మొదట గాజులా తేటగా ఉంటుంది, తర్వాత పాలరంగుకు తిరుగుతుంది, ఆ తర్వాత తేనెరంగు. మందు ఉండేది ఆ గుండులోనే. ఎక్కువమంది పాలరంగు నిండుగా ఉన్నప్పుడు కోస్తారు.

కోసేముందు చేయాల్సిన పని ఇంకోటుంది. లావుగా, అందంగా ఉన్న పూగుత్తిని ఎంచి నడిమికి విరవాలి. పైకి నిగనిగలాడే గుత్తి లోపల, కాడ చుట్టూ, బూడిదరంగు దూదిలాంటి పదార్థం ఉంటే అది బొట్రైటిస్ బూజు. చుట్టూ గోధుమరంగుకు తిరిగి మెత్తబడి ఉంటుంది. పైన ఒక్క చిన్న ఆకు మాత్రం వాడి ఉండొచ్చు, అంతకుమించి జాడ తెలియదు. నెలల కష్టం కదా అని ఆ ముక్క కోసేసి మిగతాది దాచుకోవాలనిపిస్తుంది. కానీ ఈ తోట పెంచుకునేవాళ్లలో కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, రోగనిరోధక శక్తి పడిపోయినవాళ్లు ఉంటారు. వాళ్ల ఊపిరితిత్తులకు బూజు పొగ, అందులోనూ ఆస్పర్‌జిల్లస్ జాతి బూజు, ప్రాణాంతకం కావచ్చు.

కోశాక తొందర పనికిరాదు. చీకటి గదిలో, 18 నుంచి 20 డిగ్రీల చల్లదనంలో, ఓ పది రోజులు కొమ్మల్ని తలకిందులుగా వేలాడదీసి ఆరబెడతారు. కాడ వంచితే పుటుక్కున విరగాలి. తర్వాత గాజు సీసాల్లో పెట్టి, మొదట్లో రోజూ మూత తీసి గాలి తగలనిస్తారు. పచ్చి పువ్వును నమిలితే మత్తు దాదాపు ఉండదు. అందులో ఉండేది టీహెచ్‌సీ ఆమ్లం. వేడి తగిలాకే అది మత్తునిచ్చే టీహెచ్‌సీగా మారుతుంది.

చిక్కల్లా ఇక్కడే మొదలవుతుంది. ఇంట్లో నూనెలోకి దింపుకున్న మందులో చుక్కకెంత టీహెచ్‌సీ ఉందో రోగికి తెలిసే మార్గం తక్కువ. కంపెనీలు ప్రతి లాటునూ పరీక్ష చేయించాలి, ఇంటి తోటకు ఆ నిబంధన లేదు. పొగ నిమిషాల్లో పనిచేస్తే, తిన్నది ఎక్కడానికి ఒక్కోసారి రెండు గంటలు పడుతుంది. ఏమీ కాలేదే అని మరో ముక్క తిన్నవాళ్లు అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెడతారు. పెట్రోలు జాతి ద్రావకాలతో ఇంట్లో సారం తీయడాన్ని చట్టమే నిషేధించింది. పేలతాయి కాబట్టి.

తోట పెంచుకునే హక్కు రోగులకు దక్కడం న్యాయమే. ప్రభుత్వమిచ్చిన పొడి చూశాక ఎవరైనా ఆ మాటే అంటారు. కానీ పసిపిల్ల ఫిట్స్‌కు చుక్కలు కొలిచి పోయాల్సి వచ్చినప్పుడు బేస్‌మెంట్ సీసాకూ, మందుల కంపెనీ సీసాకూ ఉన్న తేడాను హక్కు పూడ్చలేదు. అమెరికాలో 2018 జూన్‌లో అనుమతి పొందిన ఎపిడియోలెక్స్‌ను చూడండి. డ్రావె, లెనాక్స్ గాస్టో అనే మొండి మూర్ఛలకు వాడే ఆ మందు ఇదే మొక్క నుంచి తీసిన సీబీడీ అనే పదార్థం. మిల్లీలీటరుకెంతో లేబుల్ మీద ఉంటుంది, ప్రతి సీసాలో అంతే ఉంటుంది.

అయిదు మొక్కల లెక్క

కెనడాలో మొక్కల సంఖ్య తేల్చేది డాక్టరు రాసిన రోజువారీ గ్రాములు. గదిలోనైతే గ్రాముకు 5 మొక్కలు, ఆరుబయటైతే 2. ఈ సూత్రం వెనక ఓ ఊహ ఉంది, గదిలో మొక్కకు 30 గ్రాములు, ఏడాదికి మూడు పంటలు అని. కాస్త చెయ్యి తిరిగినవాడు ఒక్క మొక్క నుంచి దానికి ఎన్నో రెట్లు తీస్తాడు. మిగిలింది ఎక్కడికి పోతుందో ఊహించడం కష్టం కాదు. కంపెనీల దగ్గర కొనే రోగులకు డాక్టర్లు రాసేది సగటున రోజుకు 2 గ్రాముల చొప్పున ఉంటే, సొంతంగా పెంచుకునేవాళ్లకు ఆ సగటు ఒక దశలో 30 దాటింది. అంటే మనిషికి దాదాపు 150 మొక్కలు. ఒకే చిరునామాలో నాలుగు రిజిస్ట్రేషన్ల దాకా చెల్లుతాయి. అక్కడ ఆరు వందల మొక్కలు ఉంటే దాన్ని రోగి పెరటి తోట అని ఏ పోలీసూ నమ్మడు. కాగితం మాత్రం సక్రమంగానే ఉంటుంది. ఈ దారిన సరుకు దొంగ బజారుకు పోతోందని గోల పెరిగాక, ఏయే కారణాలతో రిజిస్ట్రేషన్ నిరాకరించవచ్చో, రద్దు చేయొచ్చో తెలిపే ముసాయిదాను 2021లో హెల్త్ కెనడా బయటపెట్టింది. అయిదు మొక్కలతో నడుము నొప్పికి ఉపశమనం వెతుక్కునే రోగికి ఈ గోల తెచ్చిపెట్టింది అనుమానపు చూపులే.

శంషాబాద్ దాకా

తెలుగు పత్రికల్లో ఈమధ్య తరచూ కనిపించే ‘హైడ్రోపోనిక్ గంజాయి’ ఈ గది సేద్యపు సరుకే. బ్యాంకాక్ నుంచి దిగిన ప్రయాణికుల సూట్‌కేసుల్లో శంషాబాద్ కస్టమ్స్ పట్టుకుంటున్నది దాన్నే. 2022లో థాయ్‌లాండ్ ఆంక్షలు ఎత్తేసింది, 2025లో మళ్లీ డాక్టరు చీటీ అడగడం మొదలుపెట్టింది. అక్కడి నియమాలు ఎటు తిరిగినా ఇక్కడి చట్టం అలాగే ఉంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద అనుమతి లేకుండా కుండీలో ఒక్క మొక్క పెంచినా నేరమే. శిక్ష పదేళ్ల కఠిన కారాగారం దాకా, జరిమానా లక్ష రూపాయల దాకా పడవచ్చు. కెనడాలో చదివే పిల్లలు తెలుసుకోవాల్సింది ఒకటుంది. అక్కడ రోగి జేబులో 30 రోజుల మోతాదు లేదా 150 గ్రాములు, ఏది తక్కువైతే అది ఉండొచ్చు. కానీ డాక్టరు చీటీ ఉన్నా సరే, దాంతో దేశం దాటడం కెనడా చట్టం ప్రకారమే నేరం.

మన చట్టం పూగుత్తిని గంజాయి అంది, పూగుత్తి లేని ఆకును వదిలేసింది. అందుకే ఆయుర్వేదంలో విజయ పేరుతో ఆకు మందులు లైసెన్సుతో తయారవుతున్నాయి. పూగుత్తి మీద పరిశోధన జమ్మూ శివార్లలోని చఠాలో, సీఎస్ఐఆర్ వారి ట్రిపుల్‌ఐఎం సంస్థ కంచె వేసిన పొలంలో జరుగుతోంది. క్యాన్సర్, నరాల నొప్పులకు ఎగుమతి స్థాయి మందు తయారు చేయాలన్నది లక్ష్యం. అందులో భాగస్వామి ఓ కెనడా కంపెనీ. 1839లో కలకత్తా మెడికల్ కాలేజీలో విలియం ఓషానెసీ ఈ మొక్కను ధనుర్వాతానికి, ఫిట్స్‌కు పరీక్షించి రాసిన వ్యాసం చదివే పాశ్చాత్య వైద్యులు దీన్ని పట్టించుకున్నారు. ఆ విద్యను ఇప్పుడు మనం అక్కడి నుంచి తెచ్చుకుంటున్నాం.