రోగపు లెక్కలేని ఆసుపత్రులు

ఏ యూరికి మంత్రివర్యులు విచ్చేసినను ప్రజలు సమర్పించు విన్నపములలో ఆసుపత్రి యొకటి తప్పక యుండును. కోరుట న్యాయమే. గాని ఆ యూరివారిని పీడించు రోగమేది, అది యెందరికున్నది, ఏ వాడలో హెచ్చుగా నున్నది యను ప్రశ్నలకు విన్నపము వ్రాసినవారును ఉత్తరమీయజాలరు, అందుకొన్నవారును ఈయజాలరు. మంచములెన్ని, గదులెన్ని, స్థలమెవరిదను విషయములతో చర్చ ముగియుచున్నది. శంకుస్థాపనకు ముందు రోగమును లెక్కింపవలెనను మాట మన పరిపాలనలో ఇంకను వేళ్లూనలేదు.

1943లో నియమింపబడి 1946లో నివేదిక సమర్పించిన సర్ జోసెఫ్ భోర్ సంఘమువారు తొలిమెట్టుగా 40,000 జనులకొక ప్రాథమికారోగ్య కేంద్రముండవలెనని సూచించిరి. తరువాత ఆ ప్రమాణము మైదానములందు 30,000 మందికిని, కొండ ప్రాంతములందు 20,000 మందికిని ఒక్కొక్కటిగా స్థిరపడినది. ఏమియు లేని కాలమున ఇట్టి సమానమైన పంపకమే ధర్మము. అయితే తలలు సమానములే గాని రోగములు సమానములు గావు. పైగా ఆ తలల లెక్కయైనను నేటిది గాదు. 2011 తరువాత 2021లో జరుగవలసిన జనగణన వాయిదాపడి, 2027 మార్చి 1వ తేదీని ప్రమాణదినముగా నిర్ణయించుచు 2025 జూనులో ప్రకటన వెలువడినది.

శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానమును చూడుడు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కన్నులపండువుగా నుండు ప్రాంతమది. ఉద్యానవనమను మాటయే ఉద్దానమైనదని చెప్పుదురు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో మూత్రపిండములు క్షీణించి జనులు మరణించుచున్న సంగతి పలు సంవత్సరములుగా వైద్యులకు తెలిసినదే. ఇతరత్ర ఈ వ్యాధి ప్రాయికముగా మధుమేహమును, రక్తపుపోటును వెంటబెట్టుకొని వచ్చును. ఇచ్చట ఆ రెండును లేని రైతుకూలీలకు సైతము వచ్చుచున్నది. నీటి దోషమా, ఎండలోని చాకిరియా, పురుగుమందులా, మరియొకటియా యను విషయము నేటికిని నిర్ధారణము గాలేదు. శ్రీలంకలోని ఉత్తరమధ్య మండలమునను, మధ్య అమెరికాలోని చెరకుతోటల ప్రాంతములందును ఇట్టి వ్యాధియే కానవచ్చుచుండుటచే ప్రపంచమందలి పరిశోధకులు దీనిపై దృష్టి నిలిపియున్నారు.

ఈ వ్యాధియొక్క స్వభావమే మా వాదమునకు ప్రధానమైన సాక్ష్యము. ఇది చాలకాలము నొప్పి పుట్టించదు. తొలిదశలో కాళ్లవాపులు రావు. మూత్రములో మాంసకృత్తు అంతగా పోదు గనుక మామూలు మూత్రపరీక్షకును చిక్కదు. రక్తము తీసి క్రియాటినైన్ కొలిచిననే గాని గుట్టు బయటపడదు. రోగి తనకుదాను ఆసుపత్రికి వచ్చునప్పటికి మూత్రపిండములు చాలవరకు చెడియే యుండును. అట్టిచో ఆసుపత్రి రిజిస్టరును నమ్ముకొని అవసరమును నిర్ణయించువారికి కడపటి దశవారు మాత్రమే కనబడుదురు. కూలి పోవునను భయమున ఇల్లు కదలనివారును, పట్టణమునకు పోయి ప్రైవేటు వైద్యమునకు పొలమమ్మినవారును, ఇంటనే కన్నుమూసినవారును ఆ పుస్తకమున కెక్కరు.

జిల్లా సగటులు ఈ మరుగును ఇంకను పెంచును. జాతీయ కుటుంబారోగ్య సర్వే ఎంతో ఉపకారకమైనదే గాని అది జిల్లాతో నిలిచిపోవును. ఏడు మండలముల దుఃఖమును మిగిలిన జిల్లాతో కలిపి భాగించినచో, వచ్చు సంఖ్యను చూచి ఏ యధికారికిని నిద్రాభంగము గాదు.

ఉద్దానమునకు తుదకు మేలు జరుగలేదని మేమనము. పలాసలో 2019లో శంకుస్థాపన జరిగి, 2023 డిసెంబరులో 200 మంచముల మూత్రపిండ పరిశోధనాలయమును, హిరమండలము జలాశయమునుండి సుమారు 700 కోట్ల రూపాయల వ్యయముతో మంచినీటి పథకమును ప్రారంభింపబడినవి. కారణము తేలకమునుపే మంచినీరిచ్చుట తొందరపాటని కొందరందురు. మేమంగీకరింపము, మంచినీటివలన చెడినవారు లేరు. కాని నీరు వచ్చిన పిమ్మట పడుచువారిలో క్రొత్త రోగులు తగ్గుచున్నారా లేదా యని యేటేట రక్తపరీక్షలతో లెక్కింపకున్నచో, ఆ కోట్లు ఫలించినవో లేదో ఎవ్వరును చెప్పజాలరు.

లెక్క తెలిసినంతమాత్రమున పని జరుగునను భ్రమయు మాకు లేదు. నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములందు భూగర్భజలములోని ఫ్లోరైడువలన పండ్లు పసుపువారి, వెన్ను బిగిసి, ఎముకలు వంకరపోవుచున్నవని షార్టు మున్నగు వైద్యులు 1937లోనే ప్రకటించిరి. నల్లగొండ జిల్లా గతియు తరువాత లోకవిదితమైనది. పటిక, సున్నములతో ఫ్లోరైడును తొలగించు పద్ధతికి ‘నల్లగొండ విధాన’మని పేరు పెట్టిరి గాని ఆ జిల్లా జనులకు పేరు దక్కినంత త్వరగా నీరు దక్కలేదు. కృష్ణాజలము కొంతకొంతగా వచ్చినను, ఇంటింటికి నల్లా నీయ సంకల్పించిన మిషన్ భగీరథ 2016లోగాని ప్రారంభము గాలేదు. వంగిన వెన్నును ఏ వైద్యుడును చక్కజేయలేడు. అచ్చట కావలసినది మంచములు గావు, నీటిగొట్టములు. అవసరమును సరిగా లెక్కించినచో ఒక్కొక్కప్పుడు ఆసుపత్రి కాక వేరొకటి కావలెనని తేలును.

కొరత యొకచోట, మితిమీరుట యొకచోట. 2019-21 నాటి సర్వేలో తెలంగాణమున నూటికి 60.7 కాన్పులును, ఆంధ్రప్రదేశమున 42.4 కాన్పులును శస్త్రచికిత్సవలన జరిగినవి. దేశపు సగటు 21.5. ఆ సర్వేయందే ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనులుగా తేలిరి. కత్తికి కొదువలేని చోట రక్తమునకు కొదువ యేల వచ్చెనో ఆలోచింపవలసినదే.

ఇట్టి లెక్కకు క్రొత్త శాఖ యక్కరలేదు. ఆశా కార్యకర్తలును, ఏ.ఎన్.ఎం.లును ఇల్లిల్లు తిరిగి పుస్తకములు నింపుచునే యున్నారు. అవి పైయధికారులకు పోవుటయే గాని తిరిగి ఊరికి వచ్చుట యరుదు. దేశమున 2020లో నమోదైన మరణములలో నూటికి 22.5కు మాత్రమే వైద్యుడు ధ్రువపరచిన కారణము దొరికినది. తక్కిన వారు దేనివలన పోయిరో తెలియకయే మరుసటి యేటి వ్యయములు కేటాయింపబడినవి. ఇంట జరిగిన ప్రతి మరణమునకును, శిక్షణపొందినవారు ఆ యింటివారిని ప్రశ్నించి కారణమూహించి వ్రాయు పద్ధతి మనదేశమున మాదిరి నమోదులో ఇదివరకే వాడుకలో నున్నది. దానిని ప్రతి మండలమునకు విస్తరింపజేయుటకు అడ్డేమి? గ్రామారోగ్య, పారిశుధ్య, పోషకాహార సంఘములకు జాతీయ గ్రామీణారోగ్య మిషన్ ఏటికి 10,000 రూపాయల నిధి నేర్పరచినది. ఆ సంఘము నిజముగా కూడి, ఊరి రోగపు లెక్కను సంవత్సరమున కొక్కసారి గ్రామసభలో చదివినచో నిధికి సార్థకత కలుగును.

ఇచ్చట మా పాఠకులలోని గ్రామపెద్దలకొక మాట. రోగము బయటపడినచో ఊరికి చెడ్డపేరు వచ్చునని, ఆడపిల్లలకు సంబంధములు కుదురవని, భూముల ధరలు పడిపోవునని దాచువారు గలరు. ఫ్లోరైడు గ్రామములకు పిల్లనిచ్చుటకు పొరుగువారు వెనుదీసిన మాట వాస్తవమే. కనుకనే సభలో చదువవలసినది సంఖ్యలు గాని పేర్లు గావు. పట్టణములందలి పాఠకులును నిశ్చింతగా నుండరాదు. నెలకొక అద్దెయింటికి మారు కూలివారిని ఏ వార్డు పుస్తకమును పట్టుకొనుట లేదు.

శాసనసభలో వచ్చు ఆయవ్యయపట్టికకు ముందు ప్రతి కలెక్టరును తన జిల్లాలోని మండలముల రోగపు లెక్కను, మరణకారణముల లెక్కను ముద్రించి జిల్లా పరిషత్తు ముందుంచవలెను. అంతవరకును ఏ సభ్యుడైనను తన నియోజకవర్గమునకు మంచములు కోరినప్పుడు, అవి యే రోగులకని తోటి సభ్యులు లేచి యడుగవచ్చును.