నిప్పు వేళ తప్పితే... మందు ఖర్చు పెరుగుతుంది!

కోడి కూతకన్నా ముందే పంపు మోత. సీజన్లో చిలకలూరిపేట, పర్చూరు, దర్శి చుట్టుపక్కల పల్లెల్లో చాలాసార్లు తెల్లవారేది ఇలాగే. వీపున ఇరవై లీటర్ల దాకా మందు పట్టే డబ్బా. దానికింద చిన్న టూ స్ట్రోక్ పెట్రోలు ఇంజిను. పవర్ స్ప్రేయర్ అనండి, తైవాన్ పంపు అనండి... పత్తికీ మిరపకీ మందు కొట్టాలంటే చాలా ఇళ్లలో ఇప్పటికీ అదే దిక్కు.

మరి ఆ ఇంజిను ఉన్నట్టుండి మొరాయిస్తే? స్టార్టరు తాడు లాగగానే వెనక్కి తంతే? చాలామంది ముందు ప్లగ్గు మారుస్తారు, తర్వాత కార్బురేటరు విప్పుతారు. రెండూ బాగానే ఉన్నా దారికి రాలేదంటే, చూడాల్సింది ప్లగ్గులో నిప్పు పడుతోందా లేదా అన్నది మాత్రమే కాదు... ఎప్పుడు పడుతోందన్నది!

ఉయ్యాల ఊపినట్టే...

నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజిను సెకనుకు వందసార్లు తిరుగుతుంది. టూ స్ట్రోక్ కాబట్టి ప్రతి చుట్టుకీ ఒకసారి నిప్పు పడాలి. పిస్టన్ పైకి చేరాక పడితే చాలదా అంటే, చాలదు. పెట్రోలు, గాలి మిశ్రమం అంటుకుని పూర్తిగా మండడానికి కొంత వ్యవధి కావాలి. అందుకే పిస్టన్ పైకొస్తుండగానే, ఫ్లైవీల్ ఇంకా కొన్ని డిగ్రీలు తిరగాల్సి ఉండగానే నిప్పు పడేలా చేస్తారు. చాలా చిన్న ఇంజిన్లలో ఇది 25-30 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. కచ్చితమైన లెక్క మోడల్‌ని బట్టి మారుతుంది. సమయంలో చెప్పుకోవాలంటే సెకనులో వెయ్యో వంతు కూడా కాదు.

ఉయ్యాల ఊపేవారికి ఈ సంగతి బాగా తెలుసు. అది ఇంకా మనవైపు వస్తుండగానే తోస్తే చేతికి దెబ్బ. వెళ్లిపోయాక తోస్తే వృథా. ఇంజినూ అంతే. నిప్పు మరీ ముందు పడితే తాడు చేతిని వెనక్కి గుంజుతుంది, లోపల టకటకమని కొట్టుకుంటుంది, వేడికి పిస్టన్ దెబ్బతింటుంది. ఆలస్యమైతే బలం తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సైలెన్సరు విపరీతంగా కాలుతుంది.

పాత పంపుకి పాయింట్లు...

పాత ఇంజిన్లలో ఫ్లైవీల్ వెనక కాంటాక్టు పాయింట్లుంటాయి. అవి విడిపోయిన క్షణంలోనే ప్లగ్గులో నిప్పు పడుతుంది. చాలా ఇంజిన్లలో వాటి మధ్య సందు 0.35-0.4 మిల్లీమీటర్లు ఉండాలి. పాయింటు మడమ అరిగితే సందు తగ్గి నిప్పు ఆలస్యమవుతుంది. అందుకని మెకానిక్కులు ముందు ఫీలర్ గేజ్‌తో సందు సరిచేస్తారు. ఆ తర్వాత పాయింట్ల మధ్య పల్చటి కాగితం పెట్టి, దాన్ని మెల్లగా లాగుతూ ఫ్లైవీల్ తిప్పుతారు. కాగితం వదిలిందంటే నిప్పు పడే చోటు అదే. అప్పటికి గుర్తులు కలవాలి. కలవకపోతే పాయింట్లున్న ప్లేటు స్క్రూలు వదులుచేసి జరుపుతారు. ఇంజిను తిరిగే దిశకు ఎదురుగా జరిపితే నిప్పు ముందుకొస్తుంది, అదే దిశలో జరిపితే ఆలస్యమవుతుంది.

కొత్త పంపుకి కీ

ఇప్పటి ఎలక్ట్రానిక్ ఇంజిన్లలో పాయింట్లు లేవు. తిప్పి సరిచేసేదీ ఉండదు. ఫ్లైవీల్‌ని క్రాంకు మీద సరైన చోట నిలిపేది చాలావాటిలో అర్ధచంద్రంలాంటి చిన్న ఇనుప ముక్క. దాన్నే కీ అంటారు. ఫ్లైవీల్ నట్టు వదులై కీ కాస్త తెగినా టైమింగ్ చెడిపోతుంది. పైకి చూస్తే ఏ తేడా కనిపించదు. ఫ్లైవీల్‌ని పుల్లర్‌తో ఊడదీసి చూడాల్సిందే. సుత్తితో కొట్టారా... క్రాంకు వంగిపోతుంది.

కాయిల్‌కీ ఫ్లైవీల్ అయస్కాంతానికీ మధ్య సందు సాధారణంగా 0.3 మిల్లీమీటర్లు, అంటే దాదాపు విజిటింగ్ కార్డు మందం. ఆ కార్డునే మధ్యలో పెట్టి కాయిల్ బిగిస్తే సరి. సందు ఎక్కువైతే నిప్పు బలహీనపడుతుంది.

ఒక జాగ్రత్త. విప్పేముందు మందు డబ్బా ఖాళీచేసి కడగాలి. చేతులకు తొడుగులుండాలి. ప్లగ్గు క్యాపు తీసేయాలి. ఇంజిను వేడి చల్లారాలి.

అసలు నష్టం ఎక్కడ?

టైమింగ్ తప్పిన ఇంజిను తిరుగుతూనే ఉంటుంది. కానీ దాని వేగం పడిపోతుంది. గాలి వేగమో, పంపు ఒత్తిడో తగ్గుతుంది. మందు సన్నటి తుంపరగా కాకుండా లావు చుక్కలుగా పడి ఆకు మీంచి జారిపోతుంది. తెల్లదోమేమో ఆకు అడుగున ఉంటుంది. తామర పురుగు పూవులో దాక్కుంటుంది. వాటికి మందు చేరదు. రైతేమో మందు పనిచేయలేదనుకుని మరో డబ్బా కొంటాడు, మోతాదు పెంచుతాడు.

ఆ దారి ఎటు పోతుందో ఈ నేలకు తెలియనిది కాదు. 1987-88లో ప్రకాశం, గుంటూరు పత్తి చేలను తెల్లదోమ ముంచేసింది. విచక్షణ లేకుండా మందులు గుప్పించడమూ అందుకు ఒక కారణమని శాస్త్రవేత్తలు తేల్చారు. అప్పులపాలైన రైతులు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2021లో నల్ల తామర పురుగు మిరప మీద పడినప్పుడు కూడా రైతులు మందు మీద మందు కొట్టారు.

టైమింగ్ సరిచేస్తే పురుగు పోతుందని కాదు. కొన్న మందు చేరాల్సిన చోటికి చేరుతుంది. ఈసారి మందు పనిచేయలేదనిపిస్తే దుకాణానికి వెళ్లేముందు మెకానిక్కు దగ్గర ఆగండి. డబ్బాలోని మందుని అనుమానించే ముందు, మూత కింది ఫ్లైవీల్‌ని ఒక్కసారి చూపించండి!