డిస్కు ముద్రను చెఱపుట



ముప్పదియేండ్లు వ్యాకరణము చెప్పి విశ్రాంతి గైకొన్న బడిపంతులు కంప్యూటరును గూర్చి ప్రసంగించుట మీకు వింతగా దోపవచ్చును. పోయిన వేసవిలో మాయింట నొక ప్రమాదము జరుగకున్నచో నేనును ఈ మాటల జోలికి పోయియుండను. మీ యిండ్లలో కూడ పిల్లలు వాడి విడిచిన డిస్కులు, పెన్‌డ్రైవులు ఉండును. వానిలో పట్టాదారు పాసుపుస్తకముల ఫొటోలు, ఆధారు నకళ్లు, పెండ్లి చిత్రములు ఉండును. వానిని ఒకరికిచ్చునపుడు "అంతయు చెఱిపివేసితిమి" అని పిల్లలు చెప్పుదురు. ఏమి చెఱిపిరి, ఏమి మిగిలినది అని అడుగుటకైనను మనకు కొంత తెలిసియుండవలెను.

తిరుపతిలో 1939లో దేవస్థానమువారు ప్రాచ్యపరిశోధనాలయమును స్థాపించిరి. అది 1956లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు చేరినది. అచట తాళపత్ర గ్రంథములు చాల గలవు. ఆకులకట్ట యొకటి చేతికి వచ్చినపుడు అది యే గ్రంథమో తెలిసికొనుటకు పండితుడు ఆసాంతము చదువడు. మొదటి ఆకును జూచును. అది శిథిలమైనచో ఆశ్వాసాంత గద్యను జూచును. కవి పేరును, గ్రంథము పేరును అచట దొరకును.

డిస్కు కూడ అట్టి కట్టయే. దానిలో నుండునవి బైట్లు, అనగా ఒక్కొక్కటి 0 మొదలు 255 వఱకు గల అంకెల దీర్ఘమైన వరుస. ఆ వరుసలో ఏ ఫైలు ఎచట నుండవలెనో నిర్ణయించు అమరికకు ఫైల్‌సిస్టమ్ అని పేరు. అమరికలు పెక్కు గలవు. లినక్సులో ఇఎక్స్‌టి4 వాడుక, విండోసులో ఎన్‌టిఎఫ్‌ఎస్, పెన్‌డ్రైవులలో తఱచుగా ఫ్యాట్ జాతివి. ప్రతి యమరికయు తనకు నియతమైన చోట తన ముద్రను వేసికొనును. ఎన్‌టిఎఫ్‌ఎస్ తన పేరునే మొదటనే వ్రాసికొనును. పాటల సీడీలు గాక, ఫైళ్లుండు సీడీల ముద్ర 32,769వ స్థానమున నుండును. ఇఎక్స్‌టి4 ముద్ర సున్న నుండి లెక్కింపగా 1080వ స్థానమున రెండు బైట్లు: 83, 239. అంతే. లక్షలకొలది ఫైళ్లు గల డిస్కును కంప్యూటరు గుర్తుపట్టుట ఈ రెండంకెలను జూచియే. డిస్కును భాగములుగా పంచు జిపిటి యను పట్టిక మాత్రము తన ముద్రను మొదటను తుదిని రెండుచోట్ల నుంచుకొనును. ఆద్యంతములందు పేరు చెప్పుకొను కవి వంటిది.

ఇట్టి ముద్రను చెఱపవలసిన పని యేల? ఒక డిస్కును మొదట ఒక అమరికలో వాడి, పిదప వేఱొక అమరికలోనికి మార్చినపుడు, క్రొత్తది తనకు కావలసిన చోట్లనే వ్రాసికొనును. పాతదాని ముద్ర మఱియొకచోట చెక్కుచెదరక నిలిచియుండవచ్చును. అపుడు ఒక ఇంటి తలుపునకు ఇద్దఱి పేరుపలకలున్నట్లగును. ఏ పేరు నిజమో తేలక కంప్యూటరు ఆ డిస్కును తెఱవ నిరాకరించుటయు గలదు. ఆ పాత పలకను ఊడదీయుటకే లినక్సులో వైప్‌ఎఫ్‌ఎస్ అను ఆజ్ఞ ఏర్పడినది. నల్లని తెరమీద అక్షరములుగా టైపు చేయవలసిన ఆజ్ఞ యిది.

దీనికొక సుగుణము గలదు. ఊరక డిస్కు పేరు చెప్పి పిలిచినచో ఏమియు చెఱపదు. ఏయే ముద్రలు ఏయే స్థానములందున్నవో చూపి యూరకుండును. "ఎ" అను గుర్తును చేర్చిననే అన్నిటిని చెఱపును. "ఎన్" చేర్చినచో చెఱపినట్లు నటించును గాని చెఱపదు. "బి" చేర్చినచో చెఱపుటకు ముందు ఆ బైట్లకు నకలు తీసి దాచును. ఈ కడపటిది నాకు మిక్కిలి నచ్చినది. తిరుమలలో 13వ శతాబ్దిలో యాదవరాయల కాలమున గుడి పని చేయించినపుడు పాతగోడల శాసనములకు ప్రతులు తీసి మరల చెక్కించిరి. మనవారికి ఆ బుద్ధి అప్పుడే కలదు.

ఇక మాయింటి సంగతి. చంద్రగిరి ప్రాంతపు పల్లెలలో నేను చిరకాలము తిరిగి, కపిలబావుల పనిముట్ల పేర్లు, బెల్లపు గానుగ మాటలు, కుమ్మరి సాలెల పలుకులు ప్రోగుచేసితిని. చెప్పినవారిలో పలువురు గతించిరి. నోటుపుస్తకములను చెదలు తినివేసినవి. మిగిలినది మా మనుమడు టైపు చేసి డిస్కులో నుంచిన ప్రతి యొక్కటియే. అట్లొక్క ప్రతితో నిశ్చింతగా నుండుట నా తెలివితక్కువ.

మనుమడు పీలేరులోని మిత్రునికి తన పాత డిస్కు నీయదలచి దాని ముద్రను చెఱప గూర్చుండెను. రెండు డిస్కులును ఒకే కంప్యూటరునకు తగిలించియుండెను. రెండును నల్లనివే, పరిమాణమున సమానములే. ఎల్‌ఎస్‌బిఎల్‌కె అను ఆజ్ఞ డిస్కుల జాబితాను చూపును. ఉదయము దానిని జూచి, ఎస్‌డిసి తనదని జ్ఞాపక ముంచుకొనెను. మధ్యాహ్నము రెంటిని తీసి మరల తగిలించెను. ఆ పేర్లు డిస్కునకు శాశ్వతములు కావు. ముందుగా కనబడినదానికి ముందు అక్షరము వచ్చును. వరుస తాఱుమాఱైనది. జాబితాను మరల చూడక జ్ఞాపకము నుండి టైపు చేసెను.

నాకొక బడిపంతులు చాదస్తము గలదు. తెరమీద ఏమి పడినను "పైకి చదువుము" అందును; చదివినదానిని చీటీమీద వ్రాసికొందును. వాడు విసుగుకొనుచు చదివెను: రెండు బైట్లు చెఱపబడినవి, స్థానము నాలుగు మూడు ఎనిమిది, బైట్లు అయిదు మూడు, ఇ ఎఫ్. నేను వ్రాసికొంటిని. కొంతసేపటికి నా డిస్కు తెఱచుకొనలేదు. వాడు కంగారుపడి ఆ తెరను మూసివేసెను.

"తాతగారూ, మీదాన్నే చెరిపేసినాను" అని వాడు తలవంచుకొనెను. నాకు నోట మాట రాలేదు.

పిదప వాడే చీటీ నడిగెను. యంత్రము పదులుగా గాక పదాఱులుగా లెక్కించును. 9 దాటిన పిదప ఎ మొదలు ఎఫ్ వఱకు అక్షరములే అంకెలు. నాలుగు ఇన్నూటయేబదియాఱులు 1024, మూడు పదాఱులు 48, మీద 8, వెరసి 1080. అట్లే అయిదు మూడు అనునది 83, ఇ ఎఫ్ అనునది 239. ఆ స్థానమున ఆ రెండు బైట్లను మరల వ్రాసెను. డిస్కు తెఱచుకొన్నది. కపిలబావి మొదలు సాలెమగ్గము వఱకు ఒక్క మాట పోలేదు. ఆ యమరికకు ఎల్లప్పుడును అవే అంకెలు గనుక నా చీటీ లేకున్నను తెలిసినవారు చక్కజేయగలరని తరువాత విన్నాను. అయినను ఆ చీటీని పెట్టెలో భద్రపఱచితిని.

నాకు సంతోషము కలిగించిన ఈ సంగతియే మీకు హెచ్చరిక. ముద్ర పోయినను సరకు పోదు. మొదటి ఆకు చింపినంతమాత్రమున గ్రంథము నశింపదు గదా! ముద్ర మాత్రము చెఱపిన డిస్కును పరాయివానికిచ్చినచో, వాడు ఆ రెండంకెలను మరల వ్రాసి మీ ఆధారును, పాసుపుస్తకమును తీరికగా చదువుకొనవచ్చును. తిరుగు పళ్లెము గల పాత డిస్కును మొదటి నుండి తుది వఱకు సున్నలతో నింపవలెను. పళ్లెము లేని ఎస్‌ఎస్‌డి లోలోపల స్థానములు మార్చుచుండును గనుక పైనుండి వ్రాసిన సున్నలు పాత గదులన్నిటికి అందకపోవచ్చును. దానికి దాని తయారీదారు ఏర్పఱచిన చెఱపు ఆజ్ఞనే వాడవలెను. రహస్యములున్న పెన్‌డ్రైవును ఇచ్చుటకంటె పగులగొట్టుట మేలని నా యభిప్రాయము.

మనుమడు ఈ మాఱు జాబితాను మూడుసార్లు చూచెను. నా డిస్కును ఊడదీసి నా చేతికిచ్చి, పిదపనే తన డిస్కును సున్నలతో నింప మొదలిడెను. ఒక టెరాబైటు డిస్కు, పాత తీగ. రాత్రి యంతయు పట్టినది. తెల్లవాఱిన పిదప వాడు దానిని సంచిలో వేసికొని పీలేరు బస్సెక్కెను. నేను నా మాటలకు రెండవ ప్రతి తీయించుటకు తిరుపతి బయలుదేరితిని.