డిక్కీలో దాగిన స్టంట్ మాస్టర్!

వెండితెర మీద కార్ల ఛేజింగ్ మొదలైతే మీరు హీరో మొహం చూస్తారు. నేను మాత్రం వెనక చక్రాలు చూస్తాను! అలవాటైపోయింది మరి. 1968లో వచ్చిన 'బుల్లిట్' సినిమాలో స్టీవ్ మెక్వీన్ ఆకుపచ్చ ముస్టాంగ్ శాన్‌ఫ్రాన్సిస్కో మిట్టల మీంచి ఎగిరెగిరి పడుతుంటే ఈల వేయనివాడెవడు? షూటింగ్‌కి ముందే ఆ కారు స్ప్రింగులూ షాకబ్జార్లూ దిట్టం చేసిపెట్టిన మాక్స్ బాల్కోవ్‌స్కీని తలుచుకున్నవాడెవడు?

ఆ ఛేజింగుల మోజే నన్ను శ్రీశైలం ఘాట్ రోడ్డులో చావు అంచుదాకా తీసుకెళ్లింది. నాది పాత మారుతి బాలెనో. 2015లో అదే పేరుతో వచ్చిన పొట్టి బండి కాదండోయ్... 1999లో దిగిన డిక్కీ కారు! దోమలపెంట దాటాక ఓ మలుపులో కాస్త జోరుగానే స్టీరింగ్ తిప్పాను. ముందు భాగం తిరిగింది. వెనక భాగం ఓ క్షణం ఆలోచించుకుని, ఊగుతూ తీరిగ్గా వచ్చింది. ఎదురుగా లారీ! ఆ డ్రైవరు మహానుభావుడు సైడుకి కట్ కొట్టాడు గనక ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

"వెనక స్ట్రట్ టవర్ బ్రేస్ వేయించు గురూ, రేసు కారైపోతుంది!" అన్నాడో మిత్రుడు.

ఏమిటీ బ్రేస్? నా కారు డిక్కీలో లైనింగ్ తీస్తే రెండు చక్రాల పైనా రెండు బుడిపెలు కనిపిస్తాయి. అవే టవర్లు. స్ప్రింగూ షాకబ్జారూ కలిసిన స్ట్రట్ తల అక్కడే బాడీకి బిగించి ఉంటుంది. మలుపులో బరువంతా బయటి చక్రం మీద పడితే ఆ టవర్‌తోపాటు బాడీ రేకు రవ్వంత వంగుతుంది. మూత లేని చెప్పుల డబ్బాని రెండు చేతులా మెలిపెట్టి చూడండి, తెలుస్తుంది. ఆ రెండు టవర్లనీ కలుపుతూ అడ్డంగా బిగించే ఇనుప రాడ్డే బ్రేస్. అంబాసిడర్ ఉన్న అభిమానులు ఆశపడకండి! దాని వెనక ఉన్నవి కమాను పట్టీలు, టవర్లే లేవు.

రాడ్డు కొని, యూసుఫ్‌గూడలో ఓ షెడ్డుకి వెళ్లాను. ఉత్సాహం ఆగక, టవర్ నడిమధ్య ఉన్న పెద్ద నట్టుకి నేనే పానా తగిలించాను. మెకానిక్ భాయ్ కేక పెట్టాడు.

"గది ముట్టకుండ్రి సార్! కింద స్ప్రింగు నొక్కి పెట్టి ఉన్నది. ఇప్పిన్రంటే పానం మీదికొస్తది!"

చెమటలు పట్టాయి. విప్పాల్సింది చుట్టూ ఉన్న చిన్న నట్లట. అవీ బండి చదును నేల మీద తన చక్రాల మీదే నిలబడి ఉండగా, ఒక పక్క పని పూర్తయ్యాకే రెండో పక్క.

కానీ భాయ్ వెంటనే రాడ్డు అందుకోలేదు. కారు కింద దూరి, వెనక ఆర్మ్‌ల బుష్‌లు చూపించాడు. రబ్బరు పొడిపొడిగా రాలుతోంది! "ముందుగాల గివి మారుద్దాం. రాడ్ ఏడికి పోతది?" నిజమే. బుష్‌లు మార్చగానే ఆ ఊగుడు చాలావరకు పోయింది. తన అమ్మకం మాట మరిచి అసలు రోగం చెప్పే మెకానిక్‌లు అరుదు సుమండీ.

ఆ తర్వాతే రాడ్డు. పలక మందం నట్టు మరల్ని తినేస్తుంది కనుక, బిగించాక బోల్టు కొస రెండు మరలైనా పైకి కనిపించాలన్నాడు. కంపెనీ సర్వీసు పుస్తకంలోని టార్కుకే బిగించాడు. మధ్యలో తిప్పే మరని టవర్లని లాగేలా కాక, వదులు పోయేదాకానే తిప్పి లాక్‌నట్టు వేశాడు. 200 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రమ్మన్నాడు. ఒక నట్టు నిజంగానే వదులైంది.

ఫలితమా? రేసు కారేమీ కాలేదు. వెనక సీటు వెనకాల రేకు గోడ ఉన్న ఇలాంటి కార్లలో తేడా కొద్దిగానే తెలుస్తుంది. అయినా అదే మలుపులో వెనక భాగం ఈసారి ఆలోచించలేదు, వెంటనే వచ్చింది. మబ్బు పట్టి చినుకులు పడ్డాక ఇంకో మలుపులో మరీ వెంటనే వచ్చి, కొంచెం జారింది కూడా! వెనక బిగిస్తే తడి రోడ్డు మీద తోక ముందుగా జారొచ్చని భాయ్ చెప్పనే చెప్పాడు. యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీశాను.

ఇంట్లో మాత్రం ఈ స్టంట్ మాస్టర్ మీద ఫిర్యాదుంది. పెద్ద సూట్‌కేసు ఇక డిక్కీలో పట్టడం లేదు. మా ఆవిడ పుట్టింటికి వెళ్లేటప్పుడు అది వెనక సీట్లో, మావాడి పక్కన దర్జాగా కూర్చుని వస్తోంది!