బిడ్డకు మొదటి పిస్టల్: సింగపూర్‌లో ఆర్డర్ పెట్టకండి, ఊళ్ళో కొనేముందు ఇవి చూడండి

పోయిన ఎపిసోడ్ చివర్లో ఒక వాయిస్ మెసేజ్ వినిపించాం, గుర్తుందా? జురాంగ్‌లో వెల్డింగ్ పని చేసే అన్న పంపింది. ఊరు కరీంనగర్ దగ్గర. పేరు చెప్పొద్దన్నాడు. వినని వాళ్ళ కోసం ఆయన మాటల్లోనే:

“అన్నా, నా బిడ్డ ఎనిమిదో తరగతి. బడిల సారు షూటింగ్ నేర్పిస్తుండు, చెయ్యి నిలకడగ ఉందంటుండు. సొంత పిస్టల్ ఉంటే ముందటికి పోతదట. ఓటీ పైసలు పదిహేను వందల డాలర్లు పక్కకు పెట్టిన. ఈడ ఆన్‌లైన్ల ఎయిర్ పిస్టల్ రెండొందల డాలర్లకే చూపిస్తుంది. రూముకు తెప్పిచ్చుకొని, దసరకు పోయేటప్పుడు బ్యాగుల పెట్టుకపోతే ఏమన్న ఐతదా? అసలు ఏది కొనాలె?”

ఎపిసోడ్‌లో సమయం చాలక “ఆర్డర్ మాత్రం పెట్టకన్నా” అని ఒక్క మాట చెప్పి ఆపేశాం. ఆ తర్వాత ఇంకో నలుగురైదుగురు అదే అడిగారు. అందుకే ఈ పోస్టు కాస్త పెద్దగా రాస్తున్నా.

ముందు ఆ ఆర్డర్ సంగతి. మన ఊళ్ళో ఎయిర్ గన్ అంటే జాతరలో బెలూన్లు కొట్టే తుపాకి. ఎవరూ దాన్ని ఆయుధం అనుకోరు. సింగపూర్‌లో లెక్క వేరు. ఇక్కడ 1973 నుంచి ఉన్న ఆర్మ్స్ అఫెన్సెస్ యాక్ట్ ఆయుధం అంటే ఏంటో చెప్పేటప్పుడు ఎయిర్ గన్, ఎయిర్ పిస్టల్ రెండింటినీ కలిపే చెప్తుంది. వాటి విడిభాగాలూ అందులోకే వస్తాయి. అనుమతి లేకుండా దగ్గర పెట్టుకుంటే 5 నుంచి 10 ఏళ్ళ జైలు, దాంతోపాటు కనీసం 6 బెత్తం దెబ్బలు. “నాకు తెలియదు సార్, మా పాప కోసం” అంటే వినే చట్టం కాదది. పెల్లెట్లు కూడా మందుగుండు కిందే చూస్తారు కాబట్టి ఖాళీ డబ్బాలో నాలుగు పెల్లెట్లు మిగిలినా బ్యాగులో ఉండకూడదు.

ఇంకో మాట, పిస్టల్‌తో సంబంధం లేని వాళ్ళు కూడా వినండి. బొమ్మ తుపాకీలను సింగపూర్‌లోకి తేవాలన్నా పోలీసుల అనుమతి కావాలి. పిస్టల్ ఆకారంలో ఉండే సిగరెట్ లైటర్ అయితే పూర్తిగా నిషేధం. ఆదివారం జోహోర్ బారు వెళ్ళి, అక్కడి బజార్లో పిల్లాడికి నచ్చుతుందని ప్లాస్టిక్ గుండ్ల తుపాకి కొని ఉడ్‌ల్యాండ్స్ చెక్‌పాయింట్‌లో స్కానర్ మీద పెట్టారనుకోండి, ఆ రోజు మీ సెలవు అక్కడే అయిపోతుంది. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళం. కేసు అంటూ మొదలైతే అది ఎక్కడ తేలినా ఉద్యోగం మీద దెబ్బ పడకుండా ఉండదు.

మరి ఇక్కడ షూటింగ్ ఎవరూ చెయ్యరా అంటే, చేస్తారు. ఓల్డ్ చువా చు కాంగ్ రోడ్‌లో నేషనల్ షూటింగ్ సెంటర్ ఉంది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ స్వర్ణం సింగపూర్ అమ్మాయి తియో షున్ షీదే. రజతం మన దేశానికి చెందిన మలైకా గోయల్‌ది. కానీ ఇక్కడ ఆట అంతా లైసెన్సు ఉన్న క్లబ్బులోనే, పిస్టల్ ఉండేది రేంజ్ ఆయుధాగారంలోనే. ముస్తఫాలో మిక్సీ కొని సంచిలో వేసుకొచ్చినట్టు పిస్టల్ ఇంటికి తెచ్చుకోవడం ఉండదు.

సరే, ఇక ఊరి సంగతి. ఇండియాలో 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల కంటే పెద్ద గొట్టం గాని, 20 జౌళ్ళ కంటే ఎక్కువ శక్తి గాని ఉన్న ఎయిర్ గన్‌కే లైసెన్సు కావాలి. పోటీల్లో వాడే ఎయిర్ పిస్టల్ గొట్టం సరిగ్గా 4.5 మిల్లీమీటర్లు. అర గ్రాము పెల్లెట్ సెకనుకు 150 మీటర్ల వేగంతో పోతే దాని శక్తి 6 జౌళ్ళు కూడా దాటదు. అంటే లైసెన్సు అక్కర్లేదు. దుకాణం వాళ్ళు గుర్తింపు పత్రం చూసి రాసుకుంటారు, బిల్లు ఇస్తారు. ఆ బిల్లు పిస్టల్ పెట్టెలోనే ఉంచండి. బస్సులో పిస్టల్‌తో వెళ్ళే పిల్లని ఎవరైనా ఆపితే ముందు అడిగేది అదే. విదేశం నుంచి బ్యాగులో తీసుకెళ్ళే ఆలోచన మాత్రం ఇండియా వైపు నుంచి కూడా తప్పే. దిగుమతికి వేరే నియమాలున్నాయి, అవి పేరున్న షూటర్లు, రైఫిల్ క్లబ్బుల కోసం. కాబట్టి డబ్బు ఇక్కడి నుంచి పంపండి, పిస్టల్ అక్కడే కొనండి.

ఇప్పుడు ఆ అన్న అసలు ప్రశ్న: ఏది కొనాలె?

నా జవాబు ఆయనకి మొదట నచ్చలేదు. మూడు నాలుగు నెలలు ఏదీ కొనొద్దన్నా అన్నాను. రేంజ్‌లో క్లబ్ పిస్టల్స్ ఉంటాయి, ఫీజు కట్టి వాటితో నేర్చుకోవచ్చు. కరీంనగర్‌లో సరైన రేంజ్ దొరక్కపోతే సెలవుల్లో హైదరాబాద్ పంపండి. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో షూటింగ్ రేంజ్ ఉంది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో 13 ఏళ్ళకే సీనియర్ విభాగంలో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఆ పేరు విని మనవాళ్ళలో చాలామంది పిల్లల్ని పిస్టల్ వైపు పంపుతున్నారు. మంచిదే. కానీ ఆర్నెల్లకు విసుగొచ్చి మానేసే పిల్లలే ఎక్కువ. వాళ్ళు వదిలేసిన పిస్టల్స్ బీరువాల్లో ఉన్నాయి. వాటి గురించి మళ్ళీ చెప్తా.

పిస్టల్ ఎందుకు ఖరీదు అనేది అర్థం కావాలంటే టార్గెట్ చూడాలి. 10 మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. దాన్ని ఒంటి చేత్తో, నిలబడి, గంటా పదిహేను నిమిషాల్లో 60 సార్లు కొట్టాలి. ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దాదాపు ఒక అడుగు దూరం ఉంటుంది. ట్రిగ్గర్ లాగేటప్పుడు ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే పెల్లెట్ 3 సెంటీమీటర్లు తప్పుతుంది. అంటే నల్ల వృత్తం అంచుకి పోతుంది. పది పాయింట్లు రావాల్సిన చోట ఏడు వస్తాయి. అందుకే నా లెక్కలో డబ్బు పెట్టాల్సింది రెండు చోట్ల: ట్రిగ్గర్, గ్రిప్. గొట్టం మీద ఏ కంపెనీ పేరుందనేది తర్వాత.

ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించేవి ఎక్కువగా స్ప్రింగ్ పిస్టల్స్. లోపల స్ప్రింగ్ ముందుకు దూకి గాలిని నొక్కుతుంది. పెల్లెట్ గొట్టం దాటకముందే పిస్టల్ చేతిలో కదులుతుంది. డబ్బాలు కొట్టడానికి సరదాగా ఉంటుంది. నేర్చుకునే పిల్లకి మాత్రం తప్పు తన చేతిదా, స్ప్రింగ్‌దా అనేది ఎప్పటికీ తెలియదు. పైగా పెల్లెట్ లేకుండా వట్టి ట్రిగ్గర్ లాగితే లోపల దెబ్బతింటుంది. షూటింగ్‌లో సగం సాధన వట్టి ట్రిగ్గర్‌దే.

సీఓటూ సిలిండర్‌తో పనిచేసేవి పాత మ్యాచ్ పిస్టల్స్‌లో దొరుకుతాయి, ధర తక్కువ చెప్తారు. మన ఎండకి అవి పనికిరావు. ఆ గ్యాస్ ఒత్తిడి ఉష్ణోగ్రతతో మారుతుంది. 20 డిగ్రీల దగ్గర 57 బార్లు ఉంటుంది, 31 డిగ్రీలు దాటితే అది ద్రవంగా ఉండనే ఉండదు. మే నెలలో కరీంనగర్ రేకుల షెడ్డులో పొద్దున కొట్టిన దెబ్బా మధ్యాహ్నం కొట్టిన దెబ్బా ఒకే చోట పడవు.

తక్కువ డబ్బులో నిజాయితీగా పనిచేసేది ఒక్కసారి లివర్ లాగితే గాలి నిండే పిస్టల్. రష్యా బైకాల్ వాళ్ళ ఐజెడ్‌హెచ్-46ఎమ్ ఇలాంటిదే, చాలా దేశాల్లో ఎంతోమంది దీనితోనే మొదలుపెట్టారు. వెనక్కి తన్నదు, సిలిండర్ గొడవ లేదు, ఏళ్ళ తరబడి మన్నుతుంది. ఇబ్బంది ఒకటే. ప్రతి దెబ్బకీ ఆ లివర్ లాగాలి. పెద్దవాళ్ళకి ఫర్వాలేదు, 13 ఏళ్ళ పిల్లకి ముప్పయ్యో దెబ్బకే భుజం వణుకుతుంది. పక్కన అన్నో, కోచో ఉండి లివర్ లాగిస్తే నడిచిపోతుంది.

నాలుగోది, పోటీల్లో అందరూ వాడేది: ముందే గాలి నింపిన సిలిండర్ ఉండే పిస్టల్. స్టెయర్, వాల్తర్, మోరిని, పార్దిని, ఫైన్‌వెర్క్‌బౌ ఇవన్నీ ఆ రకమే. కొత్తవి యూరప్‌లోనే వెయ్యి యూరోలు దాటుతాయి, ఇండియాకి వచ్చేసరికి ఇంకా పెరుగుతుంది. అన్న దగ్గరున్న పదిహేను వందల డాలర్లు అంటే సుమారు లక్ష రూపాయలు. కొత్తదానికి చాలదు. సెకండ్ హ్యాండ్ దానికి ప్రయత్నించొచ్చు, ఇందాక చెప్పిన బీరువాల్లో పిస్టల్స్ ఇవే.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఫొటో చూసి డబ్బు వెయ్యకండి. కోచ్‌ని గాని తెలిసిన షూటర్‌ని గాని వెంట పంపండి. ముందు సిలిండర్ మీద తేదీ చూడమనండి. తయారైన పదేళ్ళ తర్వాత ఆ సిలిండర్‌ని పోటీల్లో ఒప్పుకోరు. లోపల 200 బార్ల ఒత్తిడి ఉంటుంది, అది తమాషా కాదు. తేదీ అయిపోయి ఉంటే కొత్త సిలిండర్ ధర తీసేసి బేరమాడండి. తర్వాత గాలి నింపి మీటర్ ఎంత చూపిస్తుందో రాసుకుని, రాత్రంతా ఉంచి పొద్దున మళ్ళీ చూడాలి. ముల్లు కిందికి దిగిందంటే సీళ్ళు పోయాయి. ట్రిగ్గర్‌కి 500 గ్రాముల తూకపు రాయి వేలాడదీసి పిస్టల్ పైకెత్తాలి. రాయి లేవాలి, ట్రిగ్గర్ పడకూడదు. పోటీలో ఇదే పరీక్ష పెడతారు. ఆ తర్వాత పిస్టల్‌ని ఆనించి పది దెబ్బలు కొట్టి చూస్తే గొట్టం సంగతి తెలిసిపోతుంది. ఊళ్ళో గాలి ఎక్కడ నింపుతారో కూడా కొనేముందే అడగండి. రేంజ్‌లో పెద్ద సిలిండర్ లేకపోతే చేతి పంపు కొనాలి, అదీ ఖర్చే.

బరువు నియమం ప్రకారం 1500 గ్రాముల దాకా ఉండొచ్చు. అంత బరువు ఆ వయసు పిల్లకి అక్కర్లేదు. పొట్టి సిలిండర్, పొట్టి గొట్టంతో తేలికగా ఉండే మోడళ్ళున్నాయి, అవి చూడండి.

లక్ష మొత్తం పిస్టల్ మీద పెట్టొద్దు. ఒకరోజు సాధనకి వంద పెల్లెట్లు, వారానికి ఐదు రోజులంటే 500. అంటే వారానికో డబ్బా. ఏడాదికి యాభై డబ్బాలు. పిస్టల్ ఒక్కసారే కొంటాం, పెల్లెట్లు ప్రతి నెలా కొంటాం. పిస్టల్ కొనిచ్చి పెల్లెట్లకి డబ్బు పంపలేక ఆపేసిన తండ్రులు నాకు తెలుసు. ముందు ఏడాది పెల్లెట్లు, రేంజ్ ఫీజు లెక్క కట్టి పక్కన పెట్టండి, మిగిలిందే పిస్టల్ డబ్బు. చెవులకి, కళ్ళకి రక్షణ కొనండి. కొట్టాక చేతులు సబ్బుతో కడగాలి, పెల్లెట్ సీసంతో చేస్తారు. ఇక ఇంటి డాబా మీద గోడకి కాగితం అంటించి కొట్టడం వద్దు. 6 జౌళ్ళు చిన్నదే గాని కన్ను పోవడానికి చాలు.

పోయిన ఆదివారం ఆ అన్న మళ్ళీ మెసేజ్ పెట్టాడు. వీడియో కాల్‌లో బిడ్డ చెయ్యి కాగితం మీద పెట్టించి గీత గీయించాడట, గ్రిప్ చిన్నదా మధ్యరకమా తెలుస్తుందని నేనే చెప్పాను. గీసిన చెయ్యి చూసి ఆయనే ఆగిపోయాడు. “అన్నా, ఆమెది ఎడమ చెయ్యి వాటం. రాసేది, తినేది అన్నీ ఎడమ చేత్తోనే. నేను ఆన్‌లైన్ల చూసి పెట్టుకున్నది కుడి చేతి గ్రిప్పుది. నాకు ఆ సోయే లేకపాయె.” ఎడమ చేతి గ్రిప్ ఉన్న సెకండ్ హ్యాండ్ పిస్టల్ దొరకడం కష్టమే. కుడిదే కొని గ్రిప్ ఒక్కటి వేరే తెప్పించొచ్చు, లేకపోతే రేంజ్‌లో ఉన్నదాన్నే వాడుతూ ఎదురుచూడొచ్చు. కోచ్‌తో మాట్లాడుతున్నాడు. డబ్బు ఇంకా పంపలేదు.